ఛాతీలోకి ఎక్కిన కడుపు

ఫిబ్రవరి 3

పెద్ద డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుగులో పెట్టి, క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లాడిలా నవ్వారు. "నాలుగేళ్ళు దాటాయమ్మా. ఎక్కడా మచ్చ కూడా లేదు. ఇంక మీరు హాయిగా బతకొచ్చు" అన్నారు.

"ఎప్పుడు?" అని అడిగాను.

ఆయనకు అర్థం కాలేదు. అక్కకు అర్థమయింది. బల్ల కింద నా కాలు తొక్కింది.

నిజంగానే అడిగాను. క్యాన్సరు పట్టిన అన్నవాహికను కోసి తీసేశారు. కడుపును గొట్టంలా కుట్టి, పైకి లాగి, మెడ దగ్గర అతికించారు. అప్పట్నించి నా కడుపు ఛాతీలో ఉంటోంది, ఊపిరితిత్తుల పక్కన అద్దెకు దిగినట్టు. పిల్లికి పెట్టినంత తిండి, రెండు గంటలకోసారి. తిన్నాక కాసేపు కదలకూడదు. వంగకూడదు. బల్లపరుపుగా పడుకోకూడదు. పడుకుంటే తిన్నదంతా గొంతులోకి నడిచి వస్తుంది. తీపి ఎక్కువైతే ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, కూలబడతాను. ఇవన్నీ అయ్యాక మిగిలిన టైములో హాయిగా బతకాలన్నమాట.

ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. అక్కను ఆటో ఎక్కించి నేను తిన్నగా ఈత కొలనుకు పోయాను. ఇరవై ఏళ్ళు అక్కడ ఈత నేర్పాను. ఈ నాలుగేళ్ళూ అదే కొలను గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాను. ఆడవాళ్ళ బ్యాచికి నేర్పే అమ్మాయి మానేసిందని నాకు తెలుసు. ఆ టికెట్ల కిటికీకి అన్నీ తెలుస్తాయి.

"ఆ బ్యాచి నాకివ్వండి" అన్నాను మేనేజరుతో.

"మీకెందుకండీ ఈ వయసులో? అక్కడ ఫ్యానుంది, కుర్చీ ఉంది."

"చేపకు కుర్చీ ఎందుకండీ?"

నవ్వలేదు మహానుభావుడు. డాక్టరుతో కాగితం రాయించుకు రమ్మన్నాడు. తెస్తాను. హాయిగా బతకమన్నది ఆ డాక్టరే కదా.

ఫిబ్రవరి 4

అక్కకు చెప్పాను. గరిటె పక్కన పెట్టింది. అక్క గరిటె పక్కన పెట్టిందంటే యుద్ధమే.

"పోయి పోయి నీళ్ళలోనా? పక్క మీదే తిన్నగా పడుకోలేవు, నీళ్ళ మీద ఎలా పడుకుంటావే?"

లెక్కల టీచరుగా రిటైరైన మనిషితో వాదించకూడదు. సమస్యలో ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంటుంది.

"ముప్ఫై ఏళ్ళు నీళ్ళలో ఉన్నదాన్ని. అవి నన్నేం చెయ్యవు" అన్నాను.

"నీళ్ళు అవే. నువ్వే అప్పటి దానివి కావు" అంది. తర్వాత నా గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఉడికించిన గుడ్డు సగం, నాలుగు చెంచాల సూపు. యుద్ధంలో కూడా టైము తప్పదు మా అక్క.

ఫిబ్రవరి 6

ఆసుపత్రి నుంచి ఫోను. ఆపరేషను చేయించుకున్నవాళ్ళ జీవితం ఎలా ఉందో తెలుసుకుంటున్నారట. ఎవరో అమ్మాయి, తేనె లాంటి గొంతు.

"గత వారంలో మింగడానికి ఇబ్బంది పడ్డారా? అసలు లేదు, కొంచెం, చాలా. ఏదో ఒకటి చెప్పండి మేడమ్."

"సోమవారం అసలు లేదు. మంగళవారం మాత్ర ఒకటి అడ్డం పడి మింగలేక కక్కలేక చచ్చాను."

"అంటే కొంచెమా మేడమ్, చాలానా?"

"నువ్వే చెప్పమ్మా. మంగళవారం చాలా. వారానికి పంచితే కొంచెం."

"కొంచెం" అని రాసుకుంది. నిద్ర గురించి, దగ్గు గురించి, నలుగురిలో కూర్చుని తినడం గురించి అడిగింది. అన్నిటికీ కొంచెం అన్నాను. దేన్ని చాలా అనాలో, దేనికి అలవాటు పడిపోయానో నాకే తెలియడం లేదు. చివర, "మొత్తం మీద మీ జీవితం ఎలా ఉంది?" అంది.

"ఈత నేర్పబోతున్నాను" అన్నాను.

అలాంటి జవాబు లేదంది.

ఫిబ్రవరి 9

దగ్గు. రాయాలని లేదు.

ఫిబ్రవరి 12

డాక్టరు కాగితం ఇచ్చారు. ఖాళీ కడుపుతో దిగమన్నారు. అలాగని మరీ ఖాళీగా వద్దన్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

పొద్దున కొలను తెరవకముందు దిగాను, ఎవరూ లేనప్పుడు. పాత ఈత దుస్తులు ఒంటి మీద వేలాడాయి. వాటిలో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. కుడి వైపు, భుజం కింద నుంచి పక్కటెముకల చుట్టూ ఉన్న కుట్ల గీత అద్దంలో కనబడింది. కనబడనీ.

నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఏడవలేదు. కొలనులో నీళ్ళు చాలినన్ని ఉన్నాయి.

బోర్లా తేలాను. పది చేతులు వేశానో లేదో, చేదుగా నిప్పులాంటిది గొంతులోకి ఎగదన్నింది. గట్టు పట్టుకుని ఉమ్మి, దగ్గి, కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ పోయాను. మళ్ళీ ఎగదన్నింది. వెల్లకిలా అయితే మరీ ఘోరం. కుడి చెయ్యి చెవి దాకా లేవడం లేదు.

చివరికి పక్కకు తిరిగి, తల పైకి పెట్టి, ఎడమ చేత్తో నీటిని కోస్తూ పోయాను. మా చిన్నప్పుడు ముసలివాళ్ళు ఈదినట్టు. ఆ ఈత చూసి ఒకప్పుడు నేనే నవ్వేదాన్ని. ఈ చివరి నుంచి ఆ చివరికి చేరాను. గొంతులోకి ఏమీ రాలేదు.

ఇంటికొచ్చి బాగా ఈదానని అక్కతో చెప్పాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 20

క్లాసు మొదలైంది. ఆరుగురు ఆడవాళ్ళు, అందరూ నలభై దాటినవాళ్ళే. అందరికీ నీళ్ళంటే హడల్. "కోచమ్మా" అని పిలుస్తున్నారు, అత్తమ్మా, పిన్నమ్మా అన్నట్టు. లాయరమ్మ ఒకావిడ గట్టు మీద నుంచి దిగకుండా పావుగంట వాదించింది. జడ్జి ముందైతే గెలిచేదే.

దుస్తులు మార్చుకునే గదిలో అందరూ నా గీత చూశారు. చూడనట్టు తలలు తుడుచుకున్నారు. బేకరీ నడిపే ఆవిడ మాత్రం తల తుడుచుకోలేదు. అలాగే చూస్తూ నిలబడింది.

నీళ్ళలో దిగకుండా గట్టు మీద నిలబడి నేర్పవచ్చని మేనేజరు అన్నాడు. వంట చెయ్యనివాళ్ళు వంట నేర్పినట్టు ఉంటుందన్నాను.

ఫిబ్రవరి 26

క్లాసయ్యాక బేకరీ ఆవిడ ఆగింది. నీళ్ళలో ఇంకా మొహం పెట్టలేని మనిషి. సబ్బు గిన్నె చేతుల్లో తిప్పుతూ, "కోచమ్మా, అది అన్నవాహిక ఆపరేషనేనా?" అంది.

ఎలా తెలుసన్నాను.

"మా ఆయనకూ అదే చెయ్యాలన్నారు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు, ఎక్కడెక్కడ కోస్తారో. ఇప్పటిదాకా మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషను. దాంతో మింగుడు తేలికైంది. ఇంక కోత ఎందుకంటున్నాడు. తిండి లేని బతుకు తనకొద్దంట. మీరొక్కసారి వచ్చి బాగుంటుందని చెప్పండమ్మా. మిమ్మల్ని చూస్తే వింటాడు."

వస్తానన్నాను. నన్ను చూస్తే ఎవరైనా వినాల్సిందే.

మార్చి 1

క్లాసుకు ముందు బేకరీకి వెళ్ళాను. పొయ్యి వేడి వీధి దాకా వస్తోంది. బేకరీ ఆయన ఒకప్పుడు భారీ మనిషై ఉండాలి. ఇప్పుడు బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. మోచేతుల దాకా పిండి. నన్ను చూసి చేతులు కూడా తుడుచుకోలేదు.

"అబద్ధం చెప్పడానికొచ్చిన నాలుగో మనిషి మీరు" అన్నాడు. "ముందు డాక్టరు, తర్వాత మా బావమరిది, ఆ తర్వాత ఈవిడ. కానివ్వండి."

"నేనింకా నోరు తెరవలేదు."

"తెరవండి. తినడానికే." అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్ను ఒకటి పళ్ళెంలో పెట్టాడు. నా రెండు గుప్పిళ్ళంత. పైన పంచదార పాకం మెరుస్తోంది. "బాగుంటుందని చెప్పడానికే కదా వచ్చారు. నా ముందు ఇది తినండి. నేను కళ్ళతో చూసిందే నమ్ముతాను."

బేకరీ ఆవిడ చేతులు నలుపుకుంటోంది.

తిన్నాను. మొత్తం. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు. చివరి ముక్క మింగి, చేతులు దులుపుకుని, "బాగుంది. ఇంకొంచెం ఉప్పు పడాలి" అన్నాను.

ఆయన ఖాళీ పళ్ళెం తీసి చూశాడు. పెళ్ళాం వైపు తిరిగి, "డాక్టరుకు ఫోను చెయ్యి. డేటు తీసుకో" అన్నాడు.

ఏమీ కాలేదు.

మార్చి 2

నిన్న ఏమీ కాలేదు.

మార్చి 5

ఏమీ కాలేదని రెండుసార్లు రాశాను. ఈ డైరీ అక్క చదవదు. ఇంకెవరూ చదవరు. మరి ఎవరిని నమ్మించడానికి రాసినట్టు?

బన్ను తిన్న గంటన్నరకు క్లాసులో ఉన్నాను. ఛాతీ లోతు నీళ్ళు. కాళ్ళు ఎలా కొట్టాలో చూపిస్తున్నాను. ముందు వేళ్ళు వణికాయి. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోతే కాసేపటికి ఒంట్లో చక్కెర పాతాళానికి పడిపోతుంది. నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. గట్టెక్కాలి. ఎక్కలేదు. అందరూ చూస్తున్నారు కదా, ఇంకొక్కసారి చూపించి ఎక్కుదామనుకున్నాను. కొలను గోడలు నల్లబడ్డాయి.

నేను మునగలేదు. నీళ్ళలో కూర్చున్నాను. అలాగే అనిపించింది, కుర్చీ ఉన్నట్టు.

పైకి లాగింది బేకరీ ఆవిడ. నీళ్ళలో మొహం పెట్టడానికి భయపడే ఆవిడ తల మొత్తం ముంచి, నా చంకల్లో చేతులు వేసి లాగింది. లాయరమ్మ పళ్ళరసం డబ్బా నా నోట్లో ఒంపింది. కాపలా ఉండాల్సిన ఆయన ఈల ఊదుతూనే ఉన్నాడు.

మేనేజరు నన్ను మళ్ళీ టికెట్ల కిటికీకి పంపాడు. క్లాసు ఆపేశాడు. నాలుగు రోజులుగా ఫ్యాను కింద కూర్చుని టికెట్లు చింపుతున్నాను.

అక్క నా గిన్నె ముందు పెట్టి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

మార్చి 6

బేకరీ ఆవిడ టికెట్ల కిటికీ దగ్గరకొచ్చింది. టికెట్టు కోసం కాదు.

"ఆపరేషను డేటు ఇచ్చారమ్మా. ఆ రోజు జరిగింది మా ఆయనకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"రేపు ఆయనే కూలబడినప్పుడు నన్నేమనుకుంటాడు?"

"కూలబడనీ. ముందు ఉండాలి కదా, కూలబడ్డానికి."

కొలనులో నన్ను బయటికి లాగిన చేతులు ఆవిడవి. కిటికీలోంచి వాటిని పట్టుకున్నాను. మాట మాత్రం ఇవ్వలేదు.

మార్చి 8

రేపు చెబుతాను.

మార్చి 9

రేపు.

మార్చి 11

కడుపు మెడ దగ్గరకు వచ్చాక కడుపులో మాట దాచుకోవడం చేతకావడం లేదు. పోయి చెప్పేశాను.

నా ఆపరేషనప్పుడు నాకెవరూ చెప్పలేదు. "నెమ్మదిగా అలవాటవుతుంది" అన్నారంతే. మొదటి ఏడాదంతా తిన్నది నిలవక, కూర్చునే నిద్రపోతూ, ఇదంతా నా చేతకానితనమే అనుకుని ఏడ్చాను. అందరూ బతికి బయటపడ్డావంటుంటే, బాగాలేదని చెప్పడానికి నోరు రాలేదు. కోత ఆయన ఒంటి మీద. నా పరువు కోసం, ఆవిడ భయం కోసం ఆయన కళ్ళకు గంతలు కట్టే హక్కు మాకు లేదు.

ఆయన పిండి పిసుకుతున్నాడు. "ఆ బన్ను నన్ను నీళ్ళలో కూలదోసింది" అన్నాను. ఆపలేదు, పిసుకుతూనే ఉన్నాడు. మొత్తం చెప్పాను. ఎంత తింటానో, ఎలా పడుకుంటానో, ఎన్నిసార్లు బాత్రూముకు పరిగెత్తాల్సి వస్తుందో. అతుకు బిగుసుకుపోతే ట్యూబు వేసి వెడల్పు చేసిన సంగతి, ఏడాది పాటు గొంతు పిల్లి గొంతైన సంగతి.

"మరి ఆకలి?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు ఇంతవరకు. ఫోనులో అమ్మాయి కూడా అడగలేదు.

"వెయ్యదు. ఆ నరాలు తెగిపోయాయి. గడియారం చూసి తింటాను."

అప్పుడు చేతులు ఆగాయి. పిండి ముద్దలో అలాగే ఉండిపోయాయి.

"వెళ్ళండి" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

మార్చి 12

ఆయన డేటు వద్దన్నాడట. బేకరీ ఆవిడ కిటికీ దగ్గర అందరి ముందూ అరిచింది. "నిన్ను నీళ్ళలోంచి తీసినందుకు నా మొగుణ్ణి నూతిలోకి తోశావు" అంది. నిన్నటిదాకా అమ్మా అన్న మనిషి. లైనులో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు.

చెప్పడం తప్పు కాదు. తప్పు కాదు. ఆయన చచ్చిపోతే కూడా తప్పు కాదా?

మార్చి 13

తప్పు కాదు.

మార్చి 15

మేనేజరు మీద పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తానన్నాను. అక్కతో గొడవయింది. నాలుగేళ్ళ గొడవ ఒక్కసారే అయింది.

"నువ్వు నన్ను రోగిష్టిదానిగానే ఉంచాలనుకుంటున్నావు. నాకు నయమైతే నీకు పనుండదు" అన్నాను.

అనాల్సిన మాట కాదు. అనేశాను.

అక్క నా వాలు పరుపు దుప్పటి మారుస్తోంది. మార్చడం పూర్తి చేసి, మూలలు సర్ది, అప్పుడు తిరిగింది.

"నాకు పని లేకపోవడమేమిటే? నా వయసువాళ్ళు పార్కుల్లో నడుస్తున్నారు, ఊళ్ళు తిరుగుతున్నారు. నాకూ అలా తిరగాలని లేకనా? నువ్వు నీళ్ళలో పడినందుకు కాదు నా బాధ. నువ్వు పడ్డప్పుడు పక్కన ఎవరో బేకరీ ఆవిడ ఉంది. నేను ఇంట్లో నీ గుడ్డు ఉడకబెడుతున్నాను. నాకు కబురు తెలిసేసరికి గుడ్డు చల్లారిపోయింది."

పాత దుప్పటి నేను మడతపెట్టాను.

"అయితే వచ్చి పక్కన కూర్చో" అన్నాను.

"వచ్చి కూర్చుంటా. ఎవరికి భయం?"

మార్చి 19

ఇవాళ ఇద్దరం మేనేజరు గదిలోకి వెళ్ళాం. లాయరమ్మ కూడా వచ్చింది, పిలవకుండానే.

"పోయినసారి కూలబడింది జబ్బు వల్ల కాదు. పొగరు వల్ల" అన్నాను. "తినకూడనిది తిన్నాను, వణుకు మొదలైనా గట్టెక్కలేదు. ఇకమీదట నాకేం జరగవచ్చో, ఏం చెయ్యాలో క్లాసులో అందరికీ ముందే చెబుతాను. చేతులు వణికితే ఆ క్షణమే పైకొస్తాను."

"మళ్ళీ ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు.

"లావుపాటి మనిషికి నీళ్ళలో గుండె ఆగితే ఎవరిది? వాళ్ళకు టికెట్టు ఇవ్వడం ఆపారా? రోజూ చింపేదాన్ని నేనే, నాకు తెలియదా?"

లాయరమ్మ చట్టం గురించి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మేనేజరుకు అయినట్టుంది. అక్క మాత్రం సంచీలోంచి మూతల గిన్నెలు, ఫ్లాస్కు తీసి ఆయన బల్ల మీద వరసగా పెట్టి, "నేను గట్టు మీద ఉంటాను బాబూ. టైము తప్పనివ్వను" అంది. ముప్ఫై ఐదేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించిన గొంతు అది. మేనేజరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

రేపటి నుంచి క్లాసు.

మార్చి 22

అక్క గట్టు మీద కూర్చుని టైము కాగానే "ఏమే, రా!" అని కేక వేస్తోంది. నేను గట్టు దగ్గరకొచ్చి నాలుగు చెంచాలు తిని, కాసేపు నీళ్ళలోనే నిలబడి చెబుతున్నాను. ఆడవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఈత తక్కువ, తిండి ఎక్కువ.

క్లాసు మధ్యలో చూస్తే ఎదుటి బెంచీ మీద బేకరీ ఆయన. టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చాడు. బూట్లతో. ఎవరూ ఏమీ అనలేదు.

క్లాసయ్యాక తువ్వాలు కప్పుకుని దగ్గరకు వెళ్ళాను.

"ఆ పక్కకు పడుకుని ఈదేది ఏం ఈత?" అన్నాడు.

"నాకు మిగిలిన ఈత."

"బాగాలేదు చూడ్డానికి."

"చూడ్డానికి కాదుగా."

బెంచీ మీద ముందుకు జరిగాడు. "మళ్ళీ మొదటికొస్తే, ఇదంతా ముందే తెలిస్తే, చేయించుకుంటారా?"

"ఇవాళ అడిగారు కాబట్టి చేయించుకుంటాను. వారం కిందట అడిగుంటే తన్నేదాన్ని."

మొదటిసారి నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. తగ్గాక, "నాలిక తీసెయ్యరు కదా?" అన్నాడు.

"నాలిక జోలికి రారు."

"రుచి తెలుస్తుంది?"

"తెలుస్తుంది. కొంతకాలం అన్నీ ఇనుము రుచి. తర్వాత వస్తుంది."

"నేను పెద్దగా తినే మనిషిని కాదండీ. అందరూ నన్ను చూసి తిండిపోతు అనుకుంటారు. నేను చేసేది రుచి చూడటం. పొద్దున్నించి సాయంత్రం దాకా చిటికెడు చిటికెడు. తినేది ఊళ్ళోవాళ్ళు." లేచాడు. "మా ఆవిడతో నేనొచ్చానని చెప్పకండి. డాక్టరు దగ్గరకు నేనే పోతాను. మీరు నన్ను ఒప్పించారని ఆవిడ అనుకోకూడదు. ఎవరూ ఒప్పించలేదు."

"నేనేమీ అనలేదు" అన్నాను.

"అదే."

ఏప్రిల్ 6

ఆపరేషను అయింది. పది గంటలు పట్టిందట. ఐసీయూ అద్దంలోంచి చూడనిచ్చారు. మనిషి కంటే గొట్టాలే ఎక్కువ కనబడుతున్నాయి. బేకరీ ఆవిడ బయట బెంచీకి ఒక చివర కూర్చుంది. నేను ఇంకో చివర కూర్చున్నాను.

ఏప్రిల్ 13

అతుకు దగ్గర లీకు. జ్వరం. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు.

ఏప్రిల్ 14

ఏమీ తెలియలేదు. ఈదాను. గొంతు మండేదాకా ఈదాను. అక్క కేక వేసినా రాలేదు.

ఏప్రిల్ 16

ఆసుపత్రి మెట్ల మీద బేకరీ ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుంది. "నీదేం లేదులే" అంది. ఇప్పటికీ నువ్వే అంటోంది. ఏం ఫరవాలేదు. నువ్వు అనే దగ్గరితనం అమ్మా కంటే ఎక్కువ.

"ఆయన పోతే?" అని అడగలేదు నేను. ఆవిడా అడగలేదు. అక్క పంపిన సూపు ఆవిడ తాగింది. నాకు టైమైతే నేనూ తాగాను. అదే ఫ్లాస్కు.

ఏప్రిల్ 29

జ్వరం దిగింది. గది మార్చారు. లోపలికి వెళ్ళాను. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. తిరగడానికి చాలా కష్టపడ్డాడు పాపం. నర్సు సాయం పట్టాల్సి వచ్చింది.

కాసేపు ఆయన వీపుతో కూర్చుని వచ్చేశాను. నాకైతే అప్పట్లో గోడ వైపు తిరిగే ఓపిక కూడా లేదు. ఆయన నాకంటే గట్టివాడు.

జూన్ 10

బరువు మళ్ళీ తగ్గాను. డాక్టరు తిట్టారు. ఈత మానెయ్యమంటారేమోనని చూశాను. అనలేదు. ఇంకో గిన్నె కలపమన్నారు. అక్క విజయగర్వంతో ఇంకో మూత గిన్నె కొంది.

రాత్రుళ్ళు ఇప్పటికీ కూర్చున్నట్టే పడుకుంటున్నాను. కుడి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఆకలి లేదు. ఇవన్నీ ఇలాగే ఉంటాయి. ఎప్పటికైనా పోతాయని ఎదురుచూడటం మానేశాను. ఎదురుచూడ్డానికి పెట్టే ఓపికను ఈతకు పెడుతున్నాను. ఇది సర్దుకుపోవడం కాదు. ఎవరైనా సర్దుకుపోయావన్నారంటే ఊరుకోను.

జులై 21

క్లాసుకు ముందు టికెట్ల కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ పనిచేసే ఆవిడకు సెలవు. ఆదివారం, పెద్ద లైను. ముందుకొచ్చిన మనిషిని గుర్తుపట్టలేదు. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది. చేతిలో చిన్న డబ్బా, అందులో నాలుగు చెంచాల ఏదో.

"ఇదేనా బతుకు?" అన్నాడు. గొంతు కీచుగా, గాలిగా ఉంది. అయినా వీధి చివరిదాకా వినబడింది. "రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చుంటున్నా. అరకప్పు తాగితే గుండె దడ. పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఇంత ఉంటుందని చెప్పలేదేం మీరు?"

"చెప్పాను."

"చెప్పారు. నమ్మేలా చెప్పలేదు! చిటికెడు రుచి చూస్తే చాలనుకున్నా. ఆ చిటికెడు కూడా ఇవాళ నిలిచింది, నిన్న నిలవలేదు. ఏమిటి దీని లెక్క?"

"లెక్క లేదు. మా అక్క లెక్కల టీచరు. ఆవిడకే దొరకలేదు."

ఇంకా తిట్టాడు. నన్ను, డాక్టర్ను, మందుల కొట్టువాణ్ణి, కొత్త ఓవెన్ను. వెనకాల లైను గొణుగుతోంది. ఎవరో "త్వరగా కానివ్వండి" అన్నారు. మేనేజరు బయటికొచ్చి ఏం గొడవని అడిగాడు.

"ఆయన్ను తిట్టనివ్వండి. బాగా కోలుకుంటున్నాడు" అన్నాను.

తిట్టడం పూర్తయ్యాక రొప్పుతూ టికెట్టు అడిగాడు. ఇచ్చాను. లోపలికి వెళ్ళి ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. అక్క పక్కనే. ఆయన డబ్బా మూత తీసి చూసి, ఇదేం చిక్కదనం అని అక్క పాఠం మొదలుపెట్టింది.

నేను నీళ్ళలో దిగేసరికి బేకరీ ఆయన నిద్రపోయాడు. తల గోడకు ఆనించి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా. మాకు అలాగే పడుతుంది నిద్ర. ఎన్ని రోజులైందో పాపం.

ఆయన పెళ్ళాం కొలను మధ్యలో, మొహం నీళ్ళలో పెట్టి బుడగలు వదులుతోంది. కాళ్ళు కొట్టేటప్పుడు చప్పుడు చెయ్యొద్దని ఆరుగురికీ చెప్పాను.

ఒక్కరూ వినలేదు.